పదిమంది వాడే యూనిక్స్ మెషీన్‌కి మీ డిస్క్ తగిలించేటప్పుడు

సొంత ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు ఫైళ్లు కాపీ చేసి లాగేసే అలవాటు చాలామందికి ఉంది. చాలాసార్లు ఏమీ కాదు కూడా. అదే అలవాటుతో పదిమంది వాడే లైనక్స్ లేదా యూనిక్స్ వర్క్‌స్టేషన్ ముందు కూర్చుంటే చిక్కులు వరసగా మొదలవుతాయి. డిస్క్ కనిపిస్తుంది గానీ మౌంట్ కాదు, అంటే దాని ఫైళ్లు మెషీన్ డైరెక్టరీ చెట్టులో వచ్చి చేరవు. మౌంట్ అవుతుంది గానీ రాయనివ్వదు. రాస్తుంది గానీ బయటికి తియ్యనివ్వదు. తీశాక వేరే చోట తెరిచి చూస్తే చివరి ఫైలు సగమే ఉంటుంది. ఇవి వేరువేరు సమస్యల్లా కనిపించినా వీటి వెనక ఉన్నవి రెండే సంగతులు. డిస్క్ మీదే అయినా మౌంట్ మాత్రం సిస్టమ్‌ది. మీరు కాపీ అయిందనుకున్న డేటా కొంతసేపు మెషీన్ మెమరీలోనే ఉంటుంది. ఈ రెండూ మనసులో ఉంచుకుంటే కింద రాసిన ప్రతి మాటకీ కారణం దానంతటదే తెలుస్తుంది.

కమాండ్ల పేర్లని పలికేట్టుగా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు ఎప్పటిలాగే చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు వాడాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్తాను.

మౌంట్ చెయ్యనిది ఎందుకు

యూనిక్స్‌లో మౌంట్ చెయ్యడం మొదట్నుంచీ రూట్ పని, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్ పని. మామూలు యూజర్ డిస్క్ పెట్టగానే ఫైల్ మేనేజర్‌లో ఐకాన్ వస్తోందంటే, వెనక రూట్ హక్కులతో నడుస్తున్న యూడిస్క్స్ అనే సర్వీసు ఆ పని చేసిపెడుతోందని అర్థం. అది ఎవరికి చేసిపెట్టాలో, అనుమతులు చూసే పోల్‌కిట్ అనే ఇంకో సర్వీసు నిర్ణయిస్తుంది. పోల్‌కిట్ మామూలు నియమం ఇది: మెషీన్ ముందు కూర్చుని, తెర మీద ప్రస్తుతం నడుస్తున్న సెషన్ ఎవరిదో వాళ్లకి పాస్‌వర్డ్ అడక్కుండా మౌంట్ చేస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో దూరం నుంచి వచ్చినవాళ్లకి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలంటుంది. యూజర్ స్విచ్ చేసి తెరని ఇంకొకరికి ఇచ్చినా మీ సెషన్ ఇనాక్టివ్ అయిపోతుంది, అప్పుడూ ఇదే జవాబు.

ఈ నియమం సరైనదే. ఎవరో పెట్టిన పెన్‌డ్రైవ్‌ని, ఎక్కడో ఉన్న మరొకరు మౌంట్ చేసి చదివేసుకోకూడదు కదా. కానీ దీనివల్ల ఒక వింత చిక్కు వస్తుంది. నిన్న ఎస్ఎస్‌హెచ్‌లో మొదలుపెట్టిన టీమక్స్‌కే (లాగౌట్ అయినా టెర్మినల్‌ని బతికించి ఉంచే ప్రోగ్రాము) ఇవాళ మెషీన్ ముందు కూర్చుని అటాచ్ అయి, అందులోంచి మౌంట్ చెయ్యబోతే అనుమతి లేదంటుంది. మీరు కుర్చీలోనే ఉన్నారు, కానీ ఆ టీమక్స్ సర్వర్ మాత్రం నిన్నటి రిమోట్ సెషన్‌కి చెందినది. పోల్‌కిట్ ప్రాసెస్ ఏ సెషన్‌దో చూస్తుంది. డెస్క్‌టాప్‌లో కొత్త టెర్మినల్ తెరిచి కొడితే పనైపోతుంది. అనుమానం ఉంటే లాగిన్‌సీటీఎల్ షో-సెషన్ కమాండ్‌కి మీ సెషన్ నంబరిచ్చి, యాక్టివ్, రిమోట్ అనే రెండు వరసలు చూడండి. మొదటిది ఎస్, రెండోది నో అని ఉండాలి.

ఫైల్ మేనేజర్ లేకుండా చెయ్యాలంటే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,లేబుల్,ఎఫ్ఎస్‌టైప్ కొట్టండి. పరిమాణం, లేబుల్, ఫైల్ సిస్టమ్ రకం మూడూ కనిపిస్తాయి. మూడూ మీ డిస్క్‌తో సరిపోయాకే ముందుకెళ్లాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు పెట్టిన వరసని బట్టి మారిపోతాయి. నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ ఇంకొకరి డిస్క్ కావచ్చు. కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో చూద్దామంటే, చాలా మెషీన్లలో మామూలు యూజర్లకి అది మూసేసి ఉంటుంది. తర్వాత యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీబీ1. ఫెడోరా, రెడ్ హ్యాట్ వర్గంలో అది /రన్/మీడియా కింద మీ పేరుతో ఉన్న డైరెక్టరీలోకి వస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో /మీడియా కింద మీ పేరులోకి.

ఆ మీ పేరున్న డైరెక్టరీ మీద ఏసీఎల్ (ఎవరికి ఏ హక్కో చెప్పే జాబితా) ఉంటుంది. రూట్ కాకుండా మీరొక్కరే అందులోకి వెళ్లగలరు. అడ్మిన్‌ని బతిమాలి /ఎంఎన్‌టీలో చేతితో మౌంట్ చేయించుకుంటే ఈ రక్షణ పోతుంది. ఫ్యాట్ డిస్క్ అయితే ఉమాస్క్ (ఏ హక్కులు తీసెయ్యాలో చెప్పే ఆప్షన్) ఇవ్వకుండా మౌంట్ చేసినప్పుడు సాధారణంగా అందరికీ చదివే హక్కు వచ్చేస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఫైళ్లని పేరుతో వెతికే లొకేట్ కోసం డేటాబేస్ కట్టే అప్‌డేట్‌డీబీ, డెబియన్‌లో /మీడియాని వదిలేస్తుంది గానీ /ఎంఎన్‌టీని వదలదు. మీ 2 టీబీ డిస్క్‌ని రాత్రంతా తిరగేస్తూ కూర్చుంటుంది.

యూఎస్‌బీ కాకుండా ఈసాటా పోర్టులోనో, ముందు వైపు బేలోనో పెట్టిన డిస్క్‌కి మీరు కుర్చీలో ఉన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఆశ్చర్యపోకండి. యూడిస్క్స్ దాన్ని సిస్టమ్ డిస్క్ అనుకుంటోంది. పరికరాలని గుర్తించే యూడెవ్ రూల్లో ఆ పోర్టుకి యూడిస్క్స్_సిస్టమ్ (అన్నీ పెద్ద అక్షరాలు) అనే ప్రాపర్టీని 0 చేస్తే సరిపోతుంది, అది అడ్మిన్ పని.

ఏ ఫైల్ సిస్టమ్

దీని మీద అందరూ తేలిగ్గా సలహా చెప్తారు గానీ, నష్టాలు జరిగేదంతా ఇక్కడే.

ఫ్యాట్32 ఎక్కడైనా తెరుచుకుంటుంది. దానికున్న 4 జీబీ హద్దు అందరికీ తెలుసు: ఒక్కో ఫైలు 4,294,967,295 బైట్లు దాటకూడదు, దాటితే ఫైల్ టూ లార్జ్ అంటుంది. తెలియని హద్దు ఇంకొకటుంది. ఒక డైరెక్టరీలో 65,536 ఎంట్రీలకి మించి పట్టవు, పొడుగు పేర్లకి ఒక్కో 13 అక్షరాలకి ఒక ఎంట్రీ, పైన పొట్టి పేరుకి ఒకటి ఖర్చవుతాయి. 40 అక్షరాల పేర్లున్న ఫైళ్లయితే ఒక్కోదానికి 5 ఎంట్రీలు. అంటే 13 వేల ఫైళ్ల దగ్గర డైరెక్టరీ నిండిపోతుంది. డిస్క్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా నో స్పేస్ లెఫ్ట్ అని వస్తుంది. సిమ్యులేషన్ ఫ్రేములు, మైక్రోస్కోప్ బొమ్మలు వేలకొద్దీ ఒకే ఫోల్డర్‌లో పోసేవాళ్లకి ఇది తగులుతుంది.

పేర్ల గొడవ వేరే. యూనిక్స్‌లో ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నిలువు గీత పెట్టుకోవచ్చు, ఫ్యాట్‌లో కుదరదు. సమయాన్ని కోలన్లతో పేరులో పెట్టే లాగ్ ఫైళ్లన్నీ ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని ఆగిపోతాయి. మేక్‌ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఒకటి, చిన్న అక్షరంతో ఒకటి ఉంటే డిస్క్ మీద ఒకటే మిగులుతుంది. కాపీకి ముందు ఫైండ్ అవుట్‌పుట్‌ని సార్ట్ -ఎఫ్‌లోకి, దాన్ని యూనిక్ -డీఐలోకి పంపితే అలాంటి జంటలు బయటపడతాయి. సింబాలిక్ లింకులు ఫ్యాట్ మీద ఉండవు, ఓనర్‌షిప్ ఉండదు. సీపీ -ఏ వాడితే మామూలు ఫైళ్ల డేటా వెళ్తుంది గానీ చెయ్యలేకపోయానని ఒక్కో సింబాలిక్ లింకుకీ ఫిర్యాదు చేస్తుంది, చివర్న ఎగ్జిట్ స్టేటస్ సున్నా కాదు. స్క్రిప్టులో దాని తర్వాత రెండు యాంపర్సెండ్లు పెట్టి ఇంకో కమాండ్ రాసి ఉంటే, అది నడవనే నడవదు.

ఎక్స్‌ఫ్యాట్ 4 జీబీ హద్దుని తీసేస్తుంది, పేర్లు, లింకులు, ఓనర్‌షిప్ విషయంలో లోపాలు మాత్రం ఉంటాయి. మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్‌ని 2019లో బయటపెట్టాక లైనక్స్ కెర్నెల్ 5.4లో మొదటి డ్రైవర్, 2020లో 5.7తో ఇప్పుడున్న డ్రైవర్ వచ్చాయి. అంతకన్నా పాత కెర్నెల్ ఉన్న మెషీన్లో ఫ్యూజ్ ప్యాకేజీ (కెర్నెల్ బయట నడిచే డ్రైవర్) లేకపోతే అది తెరుచుకోదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌కి ఇప్పుడున్న డ్రైవర్ కెర్నెల్ 5.15లో వచ్చింది. షేర్డ్ మెషీన్లకి కెర్నెల్ ఏళ్లతరబడి మారదు కాబట్టి యూనేమ్ -ఆర్ ఒకసారి చూసుకున్నాకే డిస్క్ ఫార్మాట్ చెయ్యడం మేలు.

ఈఎక్స్‌టీ4 వాడితే పర్మిషన్లు, లింకులు, పేర్లు అన్నీ నిలుస్తాయి. కానీ అది ఓనర్‌ని పేరుతో కాకుండా నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరు 1000. షేర్డ్ మెషీన్లో ఎల్‌డ్యాప్ (అకౌంట్లన్నీ ఒకచోట ఉంచే సర్వర్) ఇచ్చిన నంబరు ఏ 40213నో కావచ్చు. ల్యాప్‌టాప్‌లో రాసిన ఫైలు అక్కడికెళ్తే మీది కాదు. పైగా అక్కడ 1000 నంబరున్న లోకల్ అకౌంట్ ఎవరిదైనా ఉంటే అది వాళ్లదవుతుంది. రూట్ లేకుండా అక్కడ చౌన్ చెయ్యలేరు, అంటే ఓనర్‌ని మార్చలేరు. అందుకని మీకు రూట్ ఉన్న చోటే డిస్క్ పైస్థాయిలో ఒక డైరెక్టరీ చేసి, దానికి అందరూ రాయగల 1777 మోడ్ ఇచ్చి తీసుకెళ్లండి. అక్కడ రాసినవి తిరిగొచ్చాక సుడోతో చౌన్ చేసుకోవచ్చు. ఎవరివి ఏమిటో తెలుసుకోవడానికి ఎల్ఎస్ -ఎన్ నంబర్లనే చూపిస్తుంది.

ఈఎక్స్‌టీ4లో ఇంకో రెండు సెట్టింగులు. మామూలుగా 5 శాతం చోటుని రూట్ కోసం దాచిపెడుతుంది. 1 టీబీ డిస్క్‌లో అది 50 జీబీ, షేర్డ్ మెషీన్లో మీకు అందని చోటు. ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 0 ఇస్తే అది తిరిగొస్తుంది. రెండోది: 2023లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.47 నుంచి ఫార్మాట్ చేస్తే ఆర్ఫన్ ఫైల్ అనే కొత్త ఫీచర్ దానంతటదే ఆన్ అవుతుంది. పాత మెషీన్లో, ఫైల్ సిస్టమ్‌ని సరిచూసే ఎఫ్ఎస్‌సీకే ఆ డిస్క్‌ని ముట్టుకోనంటుంది. పాత మెషీన్‌కి తీసుకెళ్లేదుంటే ఫార్మాట్ చేసేటప్పుడే -ఓ (పెద్ద అక్షరం) ఆప్షన్లో క్యారెట్ గుర్తుతో ఆ ఫీచర్ని తీసేయండి.

నా మాట అడిగితే: డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంచి, డేటాని టార్‌గా, అంటే అన్నిటినీ కట్టి ఒకే ఫైలుగా చేసి, పంపండి. పర్మిషన్లు, లింకులు, కోలన్లున్న పేర్లు అన్నీ టార్ కడుపులో భద్రంగా ఉంటాయి. లక్ష చిన్న ఫైళ్లని విడివిడిగా పెన్‌డ్రైవ్ మీద రాయడం నరకం. అదే డేటా ఒక్క పెద్ద ఫైలుగా అయితే డ్రైవ్ తన పూర్తి వేగంతో రాసుకుంటుంది. ఫ్యాట్32 తప్పనిసరైతే టార్ అవుట్‌పుట్‌ని స్ప్లిట్ -బీ 4000ఎం (ఎం పెద్ద అక్షరం) లోకి పైప్ చెయ్యండి. 4000 మెబీబైట్లు 4096 హద్దుకి లోపలే ఉంటాయి. తిరిగి కలపడానికి క్యాట్ చాలు.

మళ్లీ మళ్లీ ఒకే ఫోల్డర్‌ని ఫ్యాట్‌కి తాజా చేసుకునేవాళ్లకి ఆర్‌సింక్ -ఆర్‌టీవీ, దానితో --మోడిఫై-విండో=1 ఉండాలి. ఫ్యాట్ సమయాన్ని 2 సెకన్ల మెట్లలో దాస్తుంది. ఆ ఆప్షన్ లేకపోతే మారని ఫైళ్లు కూడా మారినట్టు కనిపించి అన్నీ మళ్లీ కాపీ అవుతాయి.

కాపీ అయిపోయింది అంటే

సీపీ కమాండ్ ప్రాంప్ట్ ఇచ్చిందంటే, డేటా కెర్నెల్ చేతికి చేరిందని మాత్రమే. కెర్నెల్ దాన్ని పేజ్ క్యాష్‌లో ఉంచుకుని తీరిగ్గా డిస్క్ మీద రాస్తుంది. లైనక్స్ మామూలు సెట్టింగుల్లో 5 సెకన్లకోసారి రాసే థ్రెడ్ లేస్తుంది, 30 సెకన్లు దాటిన డేటాని రాయడం మొదలుపెడుతుంది. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం నిండితే వెనక రాయడం మొదలవుతుంది, 20 శాతం నిండితే రాసే ప్రోగ్రాములనే ఆపి కూర్చోబెడుతుంది.

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీ ఉంటే ఇది పెద్దగా తెలియదు. వర్క్‌స్టేషన్లో 128 జీబీ ఉంటుంది. అందులో ఎక్కువభాగం ఖాళీగా ఉంటే 20 శాతం అంటే 20 జీబీ పైమాటే. 4 జీబీ ఫైలుని పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే మూడు సెకన్లలో ప్రాంప్ట్ వచ్చేస్తుంది. ఆ పెన్‌డ్రైవ్ నిజంగా రాసే వేగం సెకనుకి 10 ఎంబీ అయితే, ఇంకా దాదాపు ఏడు నిమిషాల పని మిగిలే ఉంది. మెషీన్ ఎంత పెద్దదైతే ఈ మోసం అంత పెద్దది. గ్రెప్‌తో /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో డర్టీ, రైట్‌బ్యాక్ (మొదటి అక్షరం పెద్దది) అనే రెండు వరసలు చూస్తే ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఇక్కడో జాగ్రత్త: అది మెషీన్ మొత్తానిది. పక్కవాళ్ల జాబ్ స్క్రాచ్ డిస్క్ మీద రాస్తుంటే ఆ అంకె ఎప్పటికీ సున్నాకి రాదు.

ఇదే కారణంతో ఉత్త సింక్ కొట్టడం షేర్డ్ మెషీన్లో మంచిది కాదు. అది అన్ని ఫైల్ సిస్టములనీ ఫ్లష్ చెయ్యమంటుంది. మీరు పక్కవాళ్ల 15 జీబీ అయ్యేదాకా కూడా వేచి ఉంటారు, వాళ్ల పనీ మందగిస్తుంది. సింక్ -ఎఫ్ ఇచ్చి మీ డిస్క్‌లోని ఏదో ఒక ఫైలు పేరు ఇస్తే ఆ ఒక్క ఫైల్ సిస్టమే ఫ్లష్ అవుతుంది. ఇది కోర్‌యుటిల్స్ 8.24 నుంచి ఉంది. పెద్ద ఫైలుకి డీడీ వాడి, బీఎస్=4ఎం (ఎం పెద్ద అక్షరం), కన్వ్=ఎఫ్‌సింక్, స్టేటస్=ప్రోగ్రెస్ ఇస్తే చివర్న డిస్క్ మీద పడ్డాకే ప్రాంప్ట్ వస్తుంది. మధ్యలో కనిపించే వేగం నిజమైనది కావాలంటే ఓఫ్లాగ్=డైరెక్ట్ కూడా పెట్టండి, క్యాష్‌ని దాటవేస్తుంది.

మౌంట్ చేసేటప్పుడే సింక్ ఆప్షన్ పెట్టేస్తే గొడవ ఉండదు కదా అని కొందరంటారు. ఫ్యాట్ మీద అలా చేస్తే ప్రతి చిన్న రాతకీ ఫ్యాట్ టేబుల్ తిరగరాయాల్సి వస్తుంది. వేగం చచ్చిపోతుంది, ఫ్లాష్ మీద రాతల లెక్క కూడా పెరిగి అరుగుతుంది. యూడిస్క్స్ ఫ్యాట్‌కి పెట్టే ఫ్లష్ ఆప్షన్ మధ్యేమార్గం, అది చాలు.

కాపీ సరిగ్గా జరిగిందా అని చూసేటప్పుడు కూడా ఇదే క్యాష్ అడ్డొస్తుంది. రాసిన వెంటనే షా256సమ్ (ఫైలు మారలేదని చూసే లెక్క) తీస్తే అది చదివేది మెమరీలోని కాపీని. డిస్క్ మీద పాడైనా లెక్క సరిపోయిందంటుంది. మామూలు యూజర్ క్యాష్ ఖాళీ చెయ్యలేరు. అన్‌మౌంట్ చేసి, డిస్క్ తీసి, మళ్లీ పెట్టి, అప్పుడు షా256సమ్ -సీ నడపండి. ఆ లెక్కల ఫైలుని ముందే మూలం దగ్గర తయారుచేసి డిస్క్ మీద పెట్టుకుంటే ఇంకో మెషీన్లోనూ చూసుకోవచ్చు. పెద్ద కెపాసిటీ రాసి ఉండి లోపల అంత లేని నకిలీ ఫ్లాష్ డ్రైవులు కూడా ఈ పరీక్షలో బయటపడతాయి. కొత్త డ్రైవ్ అయితే డేటా పెట్టకముందే డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి చూసే ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ ఒకసారి నడపడం ఇంకా మంచిది.

టార్గెట్ ఈజ్ బిజీ

అన్‌మౌంట్ చేస్తే బిజీ అంటోందంటే ఎవరో ఆ డిస్క్ మీద ఫైలు తెరిచి ఉంచారు, లేదా ఎవరి షెల్లో ప్రస్తుత డైరెక్టరీ అక్కడే ఉంది. పదిసార్లలో ఎక్కువసార్లు అది మీ ఇంకో టెర్మినలే. ఎఫ్‌యూజర్ -వీఎం ఇచ్చి మౌంట్ పాయింట్ పేరిస్తే ప్రాసెస్ నంబర్లు వస్తాయి, ఎల్ఎస్‌ఓఎఫ్ కూడా అదే చెప్తుంది. రూట్ కాకపోతే ఈ రెండూ మీ ప్రాసెసులనే చూపిస్తాయి. జాబితా ఖాళీగా ఉన్నా బిజీ అంటోందంటే అది వేరొకరి ప్రాసెస్, లేదా సిస్టమ్ డీమన్. అప్పుడు అడ్మిన్‌ని అడగడం తప్ప దారి లేదు.

యూమౌంట్ -ఎల్ వాడమని చాలా చోట్ల చదువుతారు. అది పేరుని డైరెక్టరీ చెట్టులోంచి తీసేస్తుంది, అంతే. తెరిచి ఉన్న ఫైళ్లు తెరిచే ఉంటాయి, రాతలు జరుగుతూనే ఉంటాయి. మౌంట్ జాబితాలో కనిపించదు కాబట్టి డిస్క్ తీసెయ్యొచ్చనిపిస్తుంది, అదే ప్రమాదం. డిస్క్ ఇప్పటికే ఊడిపోయి, పాత మౌంట్ మాత్రం మిగిలిపోయినప్పుడు దాన్ని తుడవడానికే -ఎల్ పనికొస్తుంది.

మామూలుగా బయటికి తీసే వరస: యూడిస్క్స్‌సీటీఎల్ అన్‌మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీబీ1, ఆ తర్వాత యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ /డెవ్/ఎస్‌డీబీ. మొదటిది పార్టిషన్‌కి, రెండోది మొత్తం డిస్క్‌కి. రెండోది తిరిగే హార్డ్ డిస్కులకి ముఖ్యం. తల పార్క్ అయి, తిరగడం ఆగాకే చేతిలోకి తీసుకోవాలి. అదే డిస్క్‌లో ఇంకో పార్టిషన్ మౌంట్ అయి ఉంటే పవర్-ఆఫ్ ఒప్పుకోదు.

లాగౌట్ అయితే డిస్క్ దానంతటదే అన్‌మౌంట్ అవుతుందని నమ్మకండి. మీరు వెళ్లాక కూర్చున్నవాళ్లు దాన్ని తియ్యాలన్నా కుదరదు, వేరొకరి మౌంట్‌ని తియ్యడానికి పోల్‌కిట్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాళ్లు విసుగొచ్చి పోర్టులోంచి లాగేస్తారు.

లాగేస్తే ఏమవుతుందంటే, ఎస్‌డీబీ మాయమై మౌంట్ పాయింట్‌లో ఎల్ఎస్ కొడితే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ రావచ్చు. మళ్లీ పెడితే అదే డిస్క్ ఎస్‌డీసీ కావచ్చు. ఫ్యాట్‌కి జర్నల్ (సగంలో ఆగిన రాతల్ని సరిచేసుకునే చిట్టా) లేదు. సరిగ్గా అన్‌మౌంట్ కాలేదన్న గుర్తు మాత్రం ఉంటుంది, కెర్నెల్ లాగ్‌లో హెచ్చరిక వస్తుంది. ముందు ఎఫ్ఎస్‌సీకే.ఫ్యాట్ -ఎన్‌తో చూడండి, అది ఏమీ మార్చదు. చెడినది ఎంతో తెలిశాక, ముఖ్యమైనవి వేరే చోటికి తీసుకున్నాక -ఏ నడపండి. తలాతోకా లేని ముక్కలు ఎఫ్ఎస్‌సీకే0000.ఆర్‌ఈసీ లాంటి పేర్లతో పైస్థాయిలో తేలతాయి. ఫైలు రాస్తుండగా మధ్యలోనే డిస్క్ రీడ్-ఓన్లీ అయిపోతే కారణం కూడా ఇదే తరహా: ఫ్యాట్‌లో పొంతన లేనిది కనిపించి కెర్నెల్ చెయ్యి వెనక్కి తీసుకుంది. రీమౌంట్ చేసి బలవంతంగా రాయడం అప్పుడు చెయ్యకూడని పని.

డిస్క్ టకటకమని కొట్టుకుంటూ కనిపించి మాయమవుతుంటే ముందు కరెంటు చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలి. రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 500 దాటవచ్చు. సొంత పవర్ లేని హబ్‌లో నలుగురి పెన్‌డ్రైవులతో పాటు పెడితే ఇక చెప్పక్కర్లేదు. మెషీన్ వెనక పోర్టులో నేరుగా పెట్టండి.

ఎవరెవరు చూస్తారు

డిస్క్ లేబుల్ అందరికీ కనిపిస్తుంది. ఎల్ఎస్‌బీఎల్‌కే ఎవరైనా కొట్టవచ్చు. ప్రాజెక్టు రహస్యమైతే ఆ పేరుని లేబుల్లో పెట్టకండి. అయితే లేబుల్ అసలు లేకపోవడం కూడా తప్పే, ఒకే రకం డిస్కులు రెండుంటే పొరపాటున ఇంకొకరిది ఫార్మాట్ చేస్తారు. ఫ్యాట్‌లో 11 అక్షరాలు, ఈఎక్స్‌టీ4లో 16.

ఫైల్ మేనేజర్లో డిలీట్ చేసినవి డిస్క్ మీదే డాట్‌ట్రాష్ పేరు, పక్కన మీ యూజర్ నంబరు ఉన్న దాపుడు డైరెక్టరీలోకి వెళ్తాయి. చోటు ఖాళీ కాదు, ఫైళ్లూ పోవు. ఆ డిస్క్ ఇంకొకరికి ఇస్తే వాళ్లకి అన్నీ దొరుకుతాయి. ఎల్ఎస్ -ఏ కొట్టి చూసుకోండి. అటు మెషీన్ వైపు, బొమ్మల థంబ్‌నెయిళ్లు మీ హోమ్‌లోని డాట్‌క్యాష్ కింద మిగులుతాయి, ఎడిటర్ల స్వాప్ ఫైళ్లు /వార్/టీఎంపీలో మిగలవచ్చు.

లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ పోయినా డేటా ఇంకొకరికి దొరకదు, అందుకు అది అద్భుతమైన సాధనం. కానీ షేర్డ్ మెషీన్లో తెరిచి ఉంచినంతసేపూ అక్కడి రూట్‌కి అంతా కనిపిస్తుంది, తాళంచెవి కూడా ఆ మెషీన్ మెమరీలోనే ఉంటుంది. అన్‌మౌంట్ చేశాక యూడిస్క్స్‌సీటీఎల్ లాక్ కూడా కొట్టాలి. రూట్‌ని నమ్మలేని మెషీన్లో ఆ డేటాని తెరవనే తెరవకండి. దానికన్నా డిస్క్‌ని సొంత మెషీన్‌కే పెట్టుకుని, అవసరమైన ఫైళ్లు మాత్రమే ఎస్ఎస్‌హెచ్ మీద ఆర్‌సింక్‌తో పంపడం నయం. నిజానికి 1 గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకి 110 ఎంబీ దాకా ఇస్తుంది, యూఎస్‌బీ 2.0 డిస్క్ 40 దాటడం కష్టం. డిస్క్ అసలు తీసుకెళ్లాల్సిన అవసరం ఉందా అన్నది ముందు వేసుకోవాల్సిన ప్రశ్న.

మెషీన్ చూసుకునేవాళ్లకి

ఏ డిస్క్ ఎక్కడ ఎలా మౌంట్ కావాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూజర్, యూజర్స్ అని రెండు ఆప్షన్లున్నాయి. యూజర్ పెడితే మౌంట్ చేసినవాళ్లే తియ్యగలరు. యూజర్స్ పెడితే ఎవరైనా తియ్యగలరు. రెండూ నోసూయిడ్, నోడెవ్, నోఎగ్జెక్‌లని వెంట తెస్తాయి. ఇవి వరసగా సెట్‌యూఐడీ బిట్‌ని (ప్రోగ్రాముని దాని ఓనర్ హక్కులతో నడిపించే గుర్తు), డివైస్ ఫైళ్లని, డిస్క్ మీది ప్రోగ్రాములని పనిచెయ్యనివ్వవు. వరసలో తర్వాత ఎగ్జెక్ అని రాస్తే ఆ ఒక్కటీ తొలగిపోతుంది, అది అవసరం కొద్దీ ఇవ్వొచ్చు. నోసూయిడ్ మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ తియ్యకండి. ఎవరైనా సొంత ల్యాప్‌టాప్‌లో రూట్‌గా ఒక షెల్ కాపీకి సెట్‌యూఐడీ బిట్ పెట్టి, ఈఎక్స్‌టీ4 పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడిపితే, మెషీన్ మొత్తం వాళ్ల చేతిలోకి వెళ్తుంది. నోడెవ్ లేకపోతే /డెవ్/ఎస్‌డీఏకి నకలు డివైస్ ఫైలుని అందరికీ రాసే హక్కుతో తేవచ్చు. నోఎగ్జెక్ బలహీనమైనది, షెల్ పేరు ముందు పెట్టి స్క్రిప్టు నడిపితే అది ఆపలేదు.

రిమోట్ యూజర్లకి మౌంట్ హక్కు ఇవ్వాలంటే /ఈటీసీ/పోల్‌కిట్-1/రూల్స్.డీ లో ఒక గ్రూపుకి ఫైల్‌సిస్టమ్-మౌంట్, ఫైల్‌సిస్టమ్-మౌంట్-అదర్-సీట్ యాక్షన్లు అనుమతించే రూల్ రాయండి. ఆ గ్రూపులో ఇద్దరు ముగ్గురే ఉండాలి. ఒక డిస్క్ అందరిదీ అయితే, యూడెవ్‌లో దానికి యూడిస్క్స్_ఫైల్‌సిస్టమ్_షేర్డ్ (అన్నీ పెద్ద అక్షరాలు) ప్రాపర్టీని 1 చెయ్యండి. అప్పుడది ఒకరి పేరు కింద కాకుండా /మీడియా కింద నేరుగా మౌంట్ అవుతుంది.

పెన్‌డ్రైవ్ రూపంలో ఉండి కీబోర్డులా నటించే పరికరాల సంగతి 2014లో బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో అందరికీ తెలిసింది. మౌంట్ ఆప్షన్లు దీన్ని ఆపవు. యూఎస్‌బీగార్డ్ ఆపుతుంది, కానీ సర్వీసు మొదలుపెట్టే ముందే జెనరేట్-పాలసీతో ఇప్పుడున్న పరికరాల జాబితా రాసిపెట్టండి. ఖాళీ పాలసీతో మొదలుపెడితే మీ కీబోర్డునే మొదట ఆపేస్తుంది.

వేరే యూనిక్స్‌లు, పాత డిస్కులు

ఫ్రీబీఎస్‌డీలో వీఎఫ్ఎస్.యూజర్‌మౌంట్‌ని 1 చేస్తే మామూలు యూజర్ మౌంట్ చెయ్యగలరు, అయితే మౌంట్ పాయింట్ వాళ్ల సొంతదై ఉండాలి, డివైస్ ఫైలు మీద హక్కు ఉండాలి. ఆ హక్కుని డెవ్ఎఫ్ఎస్ రూల్స్‌తో ఇస్తారు. ఓపెన్‌బీఎస్‌డీ 2016లో, 6.0 విడుదలతో, ఆ సౌకర్యాన్నే తీసేసింది. అక్కడ మౌంట్ మళ్లీ రూట్ పనే. సొలారిస్‌లో వోల్డ్ అనే డీమన్ ఉండేది. ఫ్లాపీ పెట్టాక వోల్‌చెక్ కొడితే గానీ గుర్తించేది కాదు, గుర్తించాక /ఫ్లాపీ/ఫ్లాపీ0 కింద వచ్చేది. స్పార్క్‌స్టేషన్ల ఫ్లాపీ డ్రైవ్‌కి బయటికి తీసే బటనే లేదు, ఇజెక్ట్ కమాండ్ కొడితేనే మోటారు బయటికి తోసేది. డేటా పూర్తిగా రాసేదాకా డిస్క్ చేతికి రాని ఆ ఏర్పాటు చాలా గొప్పదని నా అభిప్రాయం.

అలాంటి కాలంనాటి డిస్కులు ఇప్పుడు తెరవాల్సి వస్తే కొన్ని గుర్తులు. డాస్ ఫ్లాపీలకి మౌంట్ అక్కర్లేదు. ఎంటూల్స్‌లోని ఎండిర్, ఎంకాపీ నేరుగా డివైస్‌ని చదువుతాయి, డివైస్ గ్రూపులో మీరుంటే చాలు. ఫ్లాపీల్లాంటి 100 ఎంబీ జిప్ డిస్కుల్లో డేటా మామూలుగా నాలుగో పార్టిషన్లో ఉంటుంది. ఎస్‌డీబీ1 కోసం వెతికి ఖాళీ అనుకోకండి, ఎస్‌డీబీ4 చూడండి. ఏ పాత డిస్క్‌నైనా నేరుగా మౌంట్ చెయ్యకుండా ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో, మ్యాప్ ఫైల్ పేరు కూడా ఇచ్చి, ఇమేజ్ తీసుకోండి. మ్యాప్ ఫైల్ ఉంటే మధ్యలో ఆగినా మిగిలిన సెక్టార్ల దగ్గర్నుంచే మళ్లీ మొదలవుతుంది. ఆ ఇమేజ్‌ని లోసెటప్ -పీతో (పీ పెద్ద అక్షరం) తగిలించి, రీడ్-ఓన్లీగా మౌంట్ చెయ్యండి. స్పార్క్ సొలారిస్ డిస్క్ అయితే రకం యూఎఫ్ఎస్, ఆప్షన్ యూఎఫ్ఎస్‌టైప్=సన్; ఎక్స్86 సొలారిస్‌దైతే సన్ఎక్స్86. ఈ ఆప్షన్ ఇవ్వకపోయినా, తప్పుగా ఇచ్చినా మౌంట్ విఫలమవుతుంది. అంతమాత్రాన డిస్క్ చెడిపోయిందని పక్కన పడెయ్యకండి.